పాత సినిమా హాలు కూల్చకుండా ఆపాలంటే ఏం చేయాలి: ఒడిశా సరిహద్దు ఊళ్ళ తెలుగువాళ్ళకు

బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, గుణుపురం, రాయగడ, జయపురంలోనో ఒక పాత టాకీసు ముందు రేకుల కంచె లేచిందంటే మీకున్న వ్యవధి మీరు అనుకున్నదానికన్నా తక్కువ. హాలు కూలేలోపే నాలుగు పనులు కాగితం మీద అయిపోతాయి. వారసుల మధ్య వాటాలు తేలతాయి, బిల్డరుతో అగ్రిమెంటు రాసుకుంటారు, సినిమా లైసెన్సు రెన్యూవల్ ఆగిపోతుంది, కొత్త ప్లాను మంజూరవుతుంది. జేసీబీ వచ్చేది ఆ తర్వాతే. ఊరు మేలుకునేది మాత్రం జేసీబీ చప్పుడుకి. అందుకే ఇక్కడ చెప్పే పనుల్లో ఎక్కువ భాగం దానికి ముందు చేయాల్సినవి.

నా నమ్మకం ఒకటి మొదటే చెప్తాను. హాలును నిలబెట్టేది అందులో పడే ఆట. ఆట ఆగిపోయిన హాలు ఎన్ని సంతకాలు పెట్టినా ఎక్కువ కాలం నిలవదు. కాబట్టి మీ ప్రయత్నమంతా యజమానికి గిట్టుబాటయ్యే లెక్క వైపు నడవాలి. అర్జీలు, మీటింగులు, పేపర్లో వార్తలు, చివరికి కోర్టు కేసు కూడా ఆ లెక్క తయారయ్యేదాకా కూల్చివేతను ఆపి ఉంచడానికే.

1. ముందు యజమాని ఇంటికి వెళ్ళండి

పోస్టరు వేయకముందు, వాట్సాప్ గ్రూపు పెట్టకముందు, విలేకరికి ఫోన్ చేయకముందు వెళ్ళండి. ఇద్దరు ముగ్గురు చాలు. ఒకరు ఆ కుటుంబానికి తెలిసిన పెద్దమనిషి, ఒకరు లెక్కలు తెలిసినవారు, ఒకరు ఒడియా ఇంటివారు అయితే మేలు. పాత హాళ్ళు చాలావరకు ఉమ్మడి ఆస్తులు. కట్టించిన తాతగారు ఉండరు, కొడుకుల్లో ఒకరే ఊళ్ళో ఉంటారు, మనవలు భువనేశ్వరంలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. రోజూ హాలు తాళం తీసే మనిషికి అమ్మాలని ఉండకపోవచ్చు, బయట ఉన్న వాటాదారులే తొందరపెడుతూ ఉండొచ్చు. ఆ ఇంట్లో ఎవరి మాట ఏమిటో తెలుసుకోకుండా వీధిలో నినాదాలు మొదలుపెడితే, మీ వైపు రాగలిగినవారు కూడా అవమానపడి తలుపు వేసుకుంటారు.

అడగాల్సినవి సూటిగా అడగండి. నెలకు ఎంత నష్టం? బాకీలున్నాయా? అగ్రిమెంటు అయిందా, అడ్వాన్సు ముట్టిందా, గడువెంత? ఎంత వస్తే నడపడానికి ఒప్పుకుంటారు? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు. "బాబుగారూ, నష్టానికి నడపమని అడగడానికి రాలేదు, తేడా ఎంతో చెప్తే మేమూ దారి వెతుకుతాం" అంటే చాలామంది లెక్కల పుస్తకం తీసి చూపిస్తారు. రాజ్యాంగం 300ఎ అధికరణ ప్రకారం చట్టం అనుమతిస్తే తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోవడానికి వీల్లేదు. యజమానిని పూర్తిగా పక్కన పెట్టి గెలిచే దారి, స్థలం ఆయనది కాకపోతే తప్ప, లేనట్టే.

2. స్థలం ఎవరిదో కాగితం మీద చూడండి

స్థలం నిజంగానే ఆయనది కాకపోవచ్చు కూడా. ఒడిశా ప్రభుత్వ భూ రికార్డుల సైటు భూలేఖ్ లో తహసీలు, మౌజా (రెవెన్యూ గ్రామం), ప్లాటు నంబరు కొడితే ఆ స్థలం హక్కుల రికార్డు అయిన ఆర్‌ఓఆర్ తెరుచుకుంటుంది. అది ఒడియాలో ఉంటుంది, చదివేవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. స్వత్వం దగ్గర "స్థితిబాన్" అని ఉంటే సొంత హక్కు. లీజు అని ఉంటే మీకు బలమైన పట్టు దొరికినట్టే. ఒకప్పుడు ప్రభుత్వమో మున్సిపాలిటీయో ఫలానా పనికని లీజుకిచ్చిన స్థలంలో మాల్ కట్టాలంటే ఇచ్చినవారి అనుమతి కావాలి, ఆ అనుమతి ఇవ్వొద్దని అడిగే హక్కు ఊరికుంది. స్థలం దేవుడి మాన్యమైతే ఎండోమెంట్స్ కమిషనర్ అనుమతి లేకుండా అమ్మడం కుదరదు, 1951 నాటి ఒడిశా హిందూ ధర్మాదాయ చట్టం ఆ సంగతి స్పష్టంగా చెప్తోంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) కూడా తీయించండి.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి. ఒడిశాలో దీనికి ఫారం-ఎ ఉంది, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి, రుసుము 10 రూపాయలు. లైసెన్సు ఫైలు కోసం కలెక్టరేటుకు, ప్లాను దరఖాస్తు కోసం డెవలప్‌మెంట్ అథారిటీకో మున్సిపాలిటీకో, లీజు పత్రం కోసం తహసీల్దారుకు, విడివిడిగా వేయండి. గంజాం జిల్లా కలెక్టరేటు ఉన్నది ఛత్రపురంలో, బరంపురంలో కాదు. తప్పు ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తు సరైన చోటికి చేరేసరికి విలువైన రోజులు పోతాయి. జవాబుకు గడువు 30 రోజులు. యజమానికి సంబంధించిన కాగితాలైతే ఆయనకు నోటీసిచ్చి అభ్యంతరం అడుగుతారు, అప్పుడు 40 రోజుల దాకా పట్టొచ్చు. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. ఆయన ఆదాయం, ఇంటి సంగతులు అడగొద్దు. అనుమతులు, లీజు, ప్లాను, నోటీసులు, ఇంతవరకే అడగండి. నకళ్ళు అడగడంతో పాటు "ఫైలు స్వయంగా చూసుకుంటాం" అని ఒక వాక్యం రాయండి, చట్టం ఆ హక్కు కూడా ఇచ్చింది. ఫైలు తిరగేస్తే మీరు అడగాలని తెలియని కాగితం బయటపడుతుంది.

3. కమిటీ రెండు భాషలది కావాలి

ఇది మర్యాదకు చెప్పడం లేదు. మన ఊళ్ళలో హాలు ఎప్పుడూ రెండు భాషల మనుషులది. తెలుగు సినిమాకు ఒడియా కుర్రాళ్ళు, ఒడియా సినిమాకు మన ఆడవాళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. కౌంటరు మీద ధరల బోర్డు, గోడమీద "పొగ త్రాగరాదు" అన్న మాట రెండు లిపుల్లో ఉన్న హాళ్ళు మీరూ చూసే ఉంటారు. ఇది "తెలుగువాళ్ళ హాలు" అనే పేరు పడిన రోజున కార్పొరేటరు వెనక్కి తగ్గుతాడు, ఎమ్మెల్యే ఫోనెత్తడు, అవతలివారికి పని సులువవుతుంది. అధ్యక్షులుగా ఒక ఒడియా పెద్దను, కార్యదర్శిగా ఒక తెలుగు మనిషిని పెట్టుకోండి. ఎదురుగా కిళ్ళీ బడ్డీ, సైకిల్ స్టాండు, టీకొట్టు నడిపేవాళ్ళను తప్పక చేర్చండి. హాలు మూతపడితే మొదట దెబ్బతినేది వాళ్ళే, రోజూ అక్కడే ఉండి ఏం జరుగుతోందో చెప్పగలిగేదీ వాళ్ళే. చందాలు తీసుకోవాలన్నా, తర్వాత కోర్టుకు వెళ్ళాలన్నా 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించుకుంటే మంచిది. ఏడుగురు సభ్యులుంటే చాలు.

4. హాలు చరిత్రను ఫైలుగా కట్టండి

"మా చిన్నప్పటి హాలు" అంటే ఏ అధికారీ కలం కదపడు. ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, ఏం మిగిలి ఉంది, దాని ప్రత్యేకత ఏమిటి అన్నది ఆధారాలతో ఉండాలి.

ముందు కాగితాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా గంజాం, పర్లాకిమిడి ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కింద, జయపురం వైపు విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి. సినిమా లైసెన్సులు 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ఇచ్చేవారు. 1936కు ముందటి హాలైతే భువనేశ్వరంలోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌లో వెతికి ఊరుకోకుండా చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడా వెతికించాలి. చాలామంది ఈ రెండో చోటు సంగతే ఆలోచించరు. ఆ కాలం ఎంత పాతదో గుర్తుండాలంటే: రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ కట్టింది 1914లో, బెజవాడలో మారుతీ టాకీస్ వచ్చింది 1921లో. మీ హాలు 1930ల నాటిదని తేలితే అది సామాన్యమైన విషయం కాదు. స్వాతంత్ర్యం తర్వాతి హాలైతే ఒడిశా సినిమాల నియంత్రణ చట్టం 1954లో వచ్చింది, దాని కింద ఇచ్చిన లైసెన్సు ఫైలులో హాలు ప్లాను, సీట్ల లెక్క ఉండే అవకాశం ఎక్కువ.

తర్వాత కట్టడం. యజమాని అనుమతి తీసుకుని ఆపరేటర్ క్యాబిన్‌లోకి వెళ్ళండి. హాలు వయసు చెప్పేది అదే. 1950ల మొదటిదాకా సినిమా రీళ్ళు నైట్రేట్ ఫిల్ముతో వచ్చేవి, అగ్గిపుల్ల తగిలితే భగ్గుమనేవి. అందుకే పాత క్యాబిన్లకు మందపాటి గోడలు, ఇనుప తలుపు ఉంటాయి. బొమ్మ బయటికి వెళ్ళే చిన్న కిటికీల మీద ఇనుప పలక వేలాడుతూ ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే ముక్క వేడికి కరిగితే పలక దభీమని కిందపడి మంటను క్యాబిన్‌లోనే ఆపేస్తుంది. పైకప్పులోంచి కార్బన్ దీపం పొగ పోయే గొట్టం ఉందేమో చూడండి. మోటారు పక్కన మేకర్ పేరున్న ఇత్తడి పలక, స్తంభాల మీద ఫౌండ్రీ ముద్ర, పెంకు వెనక ఫ్యాక్టరీ పేరు, ఇవన్నీ తేదీ చెప్పే సాక్ష్యాలు. ప్రతి ఫోటోలో పక్కన స్కేలు పెట్టండి, వెనక ఏ గోడో రాసుకోండి. రేకులు ఆస్‌బెస్టాస్ అయితే వాటిని కదిలించొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

ఇక మనుషులు. పాత ఆపరేటరు, గేట్‌కీపరు, బుకింగ్ గుమాస్తా, ఊళ్ళో రిక్షా మీద మైకు కట్టి సినిమా చాటిన మనిషి. వాళ్ళను సంవత్సరం అడిగితే చెప్పలేరు. "మీ పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఏ సినిమా ఆడుతోంది తాతా? అది ఠాకురాణి యాత్ర ఏడాదేనా? తుపానుకి ముందా తర్వాతా?" అని అడగండి, తేదీ దానంతటదే తేలుతుంది. వాళ్ళు ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. ఇంటి పెట్టెల్లో ఉన్న కరపత్రాలు, పాటల పుస్తకాలు, చింపిన టికెట్లు, పాత డీసీఆర్ పుస్తకాలు స్కాన్ చేసి తిరిగి ఇచ్చేయండి. రోజువారీ వసూలు రాసిన డీసీఆర్‌లు దొరికితే బంగారమే: నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ ఏ రోజు ఎంత నిండాయో చెప్పే లెక్క ఊళ్ళో ఇంకెక్కడా దొరకదు.

5. "శిథిలావస్థ" అన్న మాటకు సిద్ధంగా ఉండండి

కూల్చాలనుకున్నవారి మొదటి ఆయుధం ఇదే. కట్టడం ప్రమాదకరమని ఒక నోటీసు వస్తే మీ వాదనలన్నీ పక్కకు పోతాయి. కాబట్టి ముందే స్వతంత్ర ఇంజనీరుతో స్ట్రక్చరల్ ఆడిట్ చేయించండి. కొలతల డ్రాయింగులకు పరాల మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ లాంటి చోట సివిల్ విద్యార్థులను అడగొచ్చు, కానీ ఆడిట్ రిపోర్టు మీద సంతకం మాత్రం లైసెన్సున్న ఇంజనీరుదే ఉండాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 తిత్లీ గజపతి జిల్లాను ఊడ్చేసింది. ఆ రెండింటికీ గోడలు నిలిచాయంటే, అప్పటి ఫోటోలు దొరికితే, రిపోర్టులో అవి కూడా పెట్టించండి.

ఆడిట్‌లో నిజంగా లోపాలు తేలితే దాచొద్దు. 1997 జూన్ 13న ఢిల్లీలోని సినిమా హాలు ఉపహార్‌లో మంటలు లేచి 59 మంది చనిపోయారు. దారులకు అడ్డంగా కుర్చీలు, మూసేసిన తలుపు అక్కడ ప్రాణాలు తీశాయి. హాలు కాపాడమని అడిగేవాళ్ళు అగ్నిమాపక నిబంధనలు సడలించమని ఎప్పుడూ అడగకూడదు. బాగుచేయడానికి ఎంతవుతుందో అంచనా వేయించి, ఆ మొత్తాన్ని కింద చెప్పే లెక్కలో కలపండి.

6. ఏ చట్టం పనికొస్తుంది

కేంద్ర పురావస్తు చట్టం, 1958 నాటిది, కనీసం 100 ఏళ్ళ కట్టడాలకే. మీ హాలుకు అది అందదు, దాని వెంట పడి నెలలు పోగొట్టుకోవద్దు. పనికొచ్చేది ఊరి ప్లానింగ్ నిబంధనలు. కేంద్రం 2016లో ఇచ్చిన మోడల్ బిల్డింగ్ బైలాస్‌లో వారసత్వ కట్టడాలకు ఒక అధ్యాయమే ఉంది. మొదటి, రెండో, మూడో గ్రేడుల జాబితా, హెరిటేజ్ కమిటీ, కట్టుకునే హక్కు కోల్పోయిన యజమానికి టీడీఆర్ (ఆ హక్కును వేరేచోట వాడుకునే లేదా అమ్ముకునే వీలు) రూపంలో పరిహారం, ఇవన్నీ అందులో రాశారు. వాటిని అమలు చేయాల్సింది రాష్ట్రం. మీ అర్జీలో "హాలును స్థానిక వారసత్వ జాబితాలో చేర్చండి, నిర్ణయం అయ్యేదాకా కూల్చివేతకు అనుమతి ఇవ్వకండి" అని ఈ రెండు కోరికలే ఉండాలి. పది కోరికలు రాస్తే పదీ పోతాయి. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ ఒడిశా శాఖకు కూడా ఫైలు పంపండి, రక్షణ లేని కట్టడాలను జాబితా చేయడం వాళ్ళ పని.

7. అర్జీ ఇవ్వడం

రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం దేశంలోగానీ రాష్ట్రంలోగానీ వాడే ఏ భాషలోనైనా వినతి ఇవ్వొచ్చు, తెలుగులో ఇచ్చినా కాదనకూడదు. కానీ గుమాస్తా ఆ రోజే చదవాలంటే ఒడియాలో ఇవ్వండి, తెలుగు ప్రతి జతచేయండి. ఒడియాలో దీన్ని "దాబీపత్ర" అంటారు, పేపర్లలోనూ అదే మాట పడుతుంది. రెండు పేజీలు మించకూడదు, ఫైలు అనుబంధంగా పెట్టండి. సోమవారాల్లో కలెక్టరు, ఎస్పీ కలిసి నిర్వహించే జాయింట్ గ్రీవెన్స్‌కు తీసుకెళ్ళండి, ఆ వారం ఏ ఊళ్ళోనో ముందే కనుక్కోండి. ఫిర్యాదుల కోసం రాష్ట్ర ప్రభుత్వం నడిపే జన సునాణి పోర్టల్లో కూడా ఎక్కించండి. ముద్ర, తేదీ, డైరీ నంబరు లేకుండా ఏ ఆఫీసులోంచీ బయటికి రావొద్దు. రేపు కోర్టులో మీరు ఎప్పుడు మేలుకున్నారో చెప్పేది ఆ ముద్రే.

8. లెక్క కుదర్చండి

ఇది అన్నిటికన్నా కష్టమైన పని, ఎక్కువ మంది వదిలేసేది కూడా ఇదే. కింద అంకెలు ఉదాహరణకు వేసినవి, మీ హాలు అంకెలు మీరు పెట్టుకోండి.

600 సీట్లు, రోజుకు 4 ఆటలు, అంటే 2,400 సీట్లు. ఏడాది సగటున 12 శాతం నిండితే 288 టికెట్లు. టికెట్టు పన్నుతో కలిపి 80 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్టుకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి పన్ను పోగా టికెట్టుకు 76 రూపాయల పైచిలుకు, రోజుకు సుమారు 21,900. డిస్ట్రిబ్యూటరు వాటా సగం అనుకుంటే హాలుకు 11 వేలు, నెలకు 3 లక్షల 30 వేలు. కరెంటు, జీతాలు, ప్రొజెక్టరు ఖర్చు 2 లక్షలు తీసేస్తే మిగిలేది లక్షా 30 వేలు. అదే స్థలం 8 కోట్లకు అమ్మి 7 శాతం వడ్డీకి వేస్తే నెలకు 4 లక్షల 67 వేలు. అంటే తేడా 3 లక్షల 37 వేలు. ఊరంతా తలకిందులుగా నిలబడినా ఈ తేడా తగ్గించకుండా ఆ కుటుంబాన్ని ఆపలేరు, ఆపమనడం న్యాయం కూడా కాదు.

ఇప్పుడు తేడా తగ్గించే దారులు వరుసగా వేయండి. వీధి వైపు ముందు భాగంలో దుకాణాల అద్దె. 600 సీట్లను 250కి తగ్గించి మంచి సీట్లు, మంచి సౌండు పెట్టడం. ఆట లేని ఉదయాల్లో స్కూళ్ళ వార్షికోత్సవాలు, నాట్య ప్రదర్శనలు, కోచింగ్ సెంటర్ల క్లాసులు. ఖాళీ స్థలంలో పార్కింగు. వెనక భాగంలో మాత్రం కొత్త కట్టడానికి ఒప్పుకుని ముందు హాలును ఉంచడం. బరంపురంలో అయితే ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా జనం వచ్చే పెద్ద తెలుగు సినిమా వారాలను విడిగా లెక్కించండి, సగటులో కలిపితే వాటి బలం కనిపించదు. హాళ్ళ మరమ్మతుకు ప్రస్తుతం ప్రభుత్వ సాయం ఏముందో ఒడిశా ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌ను రాతపూర్వకంగా అడగండి.

దేశంలో ఇలాంటి దారులు పట్టినవి ఉన్నాయి. ముంబైలో 1938 నాటి ఈరోస్ సినిమా హాలు 2017లో మూతపడి 2024లో కొత్త తెరతో తెరుచుకుంది, భవనంలో మిగతా భాగం వేరే వ్యాపారానికి పోయింది. 1991లో కాలిపోయిన కోల్‌కతా స్టార్ థియేటరును అక్కడి కార్పొరేషనే మళ్ళీ నిలబెట్టింది. మీ మున్సిపాలిటీకి కళామండపం కావాలన్న ఆలోచన ఉంటే కొత్తది కట్టే ఖర్చుతో ఇది కొనొచ్చు కదా అన్న ప్రశ్న కౌన్సిల్లో లేవనెత్తించండి. ఒక్క రాజీకి మాత్రం నేను ఒప్పుకోను: ముందు గోడ ఉంచి లోపల తెర లేకుండా మాల్ కట్టడం. దానికి సంతకం పెడితే మీరు కాపాడింది ఏమీ లేదు.

9. జనం, పేపర్లు

తీర్మానం ఒక్కటే పెట్టండి: నెలలో ఒక ఆదివారం ఊరంతా టికెట్టు కొని మ్యాట్నీకి వెళ్ళడం. ఒకసారి తెలుగు సినిమా, ఇంకోసారి ఒడియా సినిమా. పదివేల సంతకాల కన్నా ఆ రోజు డీసీఆర్ యజమానికి ఎక్కువ మాట్లాడుతుంది. సమాజ, సంబాద్, ధరిత్రి లాంటి ఒడియా పత్రికలకు, శ్రీకాకుళం వైపు తెలుగు పత్రికలకు ఒకే రోజు, ఒకే ఫోటోలతో వార్త ఇవ్వండి. బిల్డరు మీదగానీ అధికారి మీదగానీ లంచం మాట ఆధారం లేకుండా అనొద్దు, పరువు నష్టం నోటీసు ఒక్కటి చాలు కమిటీ సగం ఖాళీ కావడానికి. రోడ్డు మీద సభకు పోలీసు అనుమతి తీసుకోండి.

10. కోర్టు

అర్జీలకు జవాబు రాకుండా కూల్చివేత అనుమతి వచ్చేసిందని తెలిస్తే కటక్ హైకోర్టులో 226వ అధికరణ కింద పిటిషన్ వేయొచ్చు. ఆధారాలు చూపగలిగితేనే స్టే వస్తుంది, అందుకే పైన ఫైలు గురించి అంత చెప్పాను. తెలుగు భాషా మైనారిటీగా, తమ భాషా సంస్కృతులను కాపాడుకునే హక్కునిచ్చే 29వ అధికరణ కూడా చెప్పుకోవచ్చు, కానీ దాన్నే ముందు పెట్టొద్దు, లీజు ఉల్లంఘనో అనుమతి లోపమో ముందుండాలి. అర్హులకు జిల్లా న్యాయ సేవల సంస్థ ద్వారా ఉచిత వకీలు దొరుకుతారు.

ఆగకపోతే

అన్నీ చేసినా హాలు కూలుతుందని తేలితే కూల్చే కాంట్రాక్టరు పని మొదలుపెట్టకముందే యజమానిని రాతపూర్వకంగా అడగండి: శిలాఫలకం, పేరు బోర్డు, ప్రొజెక్టరు, క్యాబిన్ ఇనుప పలకలు, టికెట్టు డబ్బా, లెక్కల పుస్తకాలు ఊరికి ఇవ్వమని. ఇనుము తూకానికి పోయాక అడిగితే దొరకవు. లోపలంతా వీడియో తీయండి, తెర ముందు నిలబడి క్యాబిన్ వైపు ఒకసారి, క్యాబిన్ కిటికీలోంచి తెర వైపు ఒకసారి. పాటల పుస్తకాలు, కరపత్రాలు, పోస్టర్లు ఎక్కువగా ఉంటే పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ముందుగా జాబితా పంపి అడగండి. ఊళ్ళో ఉంచుకునే కాగితాలకు ప్లాస్టిక్ లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేపు అంటించొద్దు. మడత విప్పి, మధ్యలో ఆమ్లం లేని తెల్ల కాగితం పెట్టి, చదునుగా అట్టపెట్టెలో పేర్చి, నేలకు తగలకుండా బీరువా పై అరలో ఉంచండి. మన తీరంలో తేమ ఎక్కువ, వానాకాలం అయిపోగానే ఒకసారి తీసి నీడలో ఆరబెట్టండి.